హాంకాంగ్ కుంగ్‌ఫూ హాస్య చిత్రాలు

పోరాటమూ హాస్యమూ ఒకే నటుడి శరీరం నుంచి, ఒకే కదలికలో పుట్టే సినిమాలను కుంగ్‌ఫూ హాస్య చిత్రాలు అంటారు. ఇవి 1970ల మధ్యలో హాంకాంగ్‌లో మొదలయ్యాయి. 1978లో నిలదొక్కుకున్నాయి, 1980లలో ఆ నగర సినీపరిశ్రమకు పెద్ద దిక్కయ్యాయి, 1990ల చివరికి హాలీవుడ్‌ దాకా వెళ్లాయి. జాకీ చాన్, సమ్మో హంగ్, యుయెన్ బియావ్, దర్శకుడు యుయెన్ వూ-పింగ్, ఆ తర్వాతి తరంలో స్టీఫెన్ చౌ ఈ ప్రక్రియకు ముఖ్యులు. కథ తేలిక, విలన్ ఎవరో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, ముగింపు అందరూ ఊహించినదే. అయినా భాష రాని దేశాల్లో కూడా ఈ సినిమాలను జనం మళ్లీ మళ్లీ చూశారు. అందుకు కారణం కథలో దొరకదు, నటుల శిక్షణలోనూ ఫైట్లు తీసిన తీరులోనూ దొరుకుతుంది. ఈ వ్యాసం వాటికే ఎక్కువ చోటిస్తుంది.

పేరు, పరిధి

చైనా భాషలో కుంగ్‌ఫూ అనే మాటకు మొదటి అర్థం యుద్ధవిద్య కాదు. కాలం వెచ్చించి, ఒళ్లు వంచి సాధించుకున్న నేర్పు అని దాని అర్థం. మంచి వంటకైనా మంచి చేతిరాతకైనా అది చెల్లుతుంది. కుస్తీకీ ముష్టియుద్ధానికీ ఆ పేరు స్థిరపడింది తర్వాతే. ఈ సినిమాలను అర్థం చేసుకోవడానికి పాత అర్థమే ఎక్కువ పనికొస్తుంది.

గాలిలో తేలుతూ కత్తులు దూసే వీరుల పౌరాణిక ఛాయ గల కథలు ‘వూషియా’ అనే వేరే శాఖకు చెందుతాయి. 1986 నాటి ‘ఎ బెటర్ టుమారో’తో జాన్ వూ తెచ్చిన తుపాకుల కథలు మరో శాఖ. గంభీరమైన యుద్ధకథ మధ్యలో ఒక హాస్యనటుడు వచ్చి నవ్వించిపోయే సినిమాలను కూడా ఈ కోవలో చేర్చరు. నవ్వు పుట్టేది దెబ్బలోంచే కావాలి, దెబ్బ తినేవాడు కథానాయకుడే కావాలి. ఈ లక్షణంతోనే కుంగ్‌ఫూ హాస్యాన్ని గుర్తుపట్టవచ్చు.

మూలాలు: ఒపెరా బడి

ఈ సినిమాల పుట్టిల్లు స్టూడియో కాదు, నాటకశాల. పెకింగ్ ఒపెరాలో పాత్రలు నాలుగు తెగలు: పురుష పాత్రలు, స్త్రీ పాత్రలు, ముఖానికి రంగులు దిద్దుకునే ఉద్ధత పాత్రలు, విదూషకులు. విదూషకుడి గుర్తు ముక్కు చుట్టూ వేసుకునే తెల్లరంగు మచ్చ. వీరిలో ‘వూ-చౌ’ అనే ఉపశాఖ ఉంది, అంటే యుద్ధ విదూషకుడు. మాటల చమత్కారం ఒక్కటే అతనికి చాలదు. పల్టీలు కొట్టాలి, బల్లల మీంచి దూకాలి, ఆయుధం తిప్పాలి, అదంతా చేస్తూ నవ్వించాలి. తోలుబొమ్మలాటలో కేతిగాడు మాటతో చేసే అల్లరిని ఇతను ఒంటితో చేస్తాడనుకోవచ్చు.

‘సాన్ చా కౌ’ అనే పాత నాటకఖండంలో ఒక సత్రంలో, చిమ్మచీకట్లో, ఇద్దరు ఒకరినొకరు వెతుక్కుంటూ పోరాడతారు. రంగస్థలం మీద మాత్రం దీపాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. కత్తి ముక్కు పక్కనుంచే పోయినా ఆ పాత్రకు తెలియదు, ప్రేక్షకుడికి తెలుస్తుంది. భయమూ నవ్వూ ఒకే క్షణంలో కలిగించే ఈ పద్ధతి తర్వాత హాంకాంగ్ సినిమాల్లో వందల సార్లు కనిపిస్తుంది.

హాంకాంగ్‌లో ఈ విద్యను నేర్పిన బడుల్లో ప్రసిద్ధమైనది చైనా డ్రామా అకాడమీ. దాని గురువు యు జిమ్-యుయెన్. పిల్లలను ఏళ్ల లెక్కన ఒప్పందం రాసి అప్పగించేవారు. 1954లో హాంకాంగ్‌లో పుట్టిన జాకీ చాన్‌ను తండ్రి అక్కడ పదేళ్ల ఒప్పందం మీద చేర్పించాడు. తెల్లవారకముందే లేవడం, గోడకు కాళ్లానించి తలకిందులుగా చాలాసేపు నిలబడటం, నడుము వంచడం, పాడటం, తప్పు చేస్తే బెత్తం దెబ్బలు, ఇదీ దినచర్య. సమ్మో హంగ్, యుయెన్ బియావ్, కోరీ యుయెన్, యుయెన్ వా, యుయెన్ చ్యూ అందరూ అక్కడివారే. గురువు పేరులోంచి తీసుకున్న ‘యుయెన్’ను చాలామంది రంగస్థల నామంగా జీవితాంతం ఉంచుకున్నారు. వారిలో ఎంపిక చేసిన బృందాన్ని ‘ఏడుగురు చిన్న అదృష్టాలు’ అనే పేరుతో వినోదవనాల్లోనూ నాటకశాలల్లోనూ ఆడించేవారు. 1988లో అలెక్స్ లా తీసిన ‘పెయింటెడ్ ఫేసెస్’ ఆ బడి కథే. అందులో కఠినుడైన గురువు పాత్రను ఒకప్పటి శిష్యుడు సమ్మో హంగ్ పోషించాడు. ఆ శిక్షణలోని క్రౌర్యాన్ని దాచకుండా, కృతజ్ఞతను వదలకుండా తీసిన ఆ సినిమాను ఈ చరిత్రకు ముందుమాటగా చూడటం మంచిది.

1960లలో ఒపెరాకు ప్రేక్షకులు తగ్గారు. బడి వదిలిన కుర్రాళ్లకు చదువు లేదు, పాట వింటామనేవారు లేరు, మిగిలింది శరీరం ఒక్కటే. వాళ్లు సినిమాల్లో స్టంట్‌మెన్‌గా చేరారు. బ్రూస్ లీ ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ (1972) చివర తన్ను తిని గోడ బద్దలు కొట్టుకుని బయటపడే విలన్‌కు డూపుగా చేసింది జాకీ చానే.

మూలాలు: మూకీ హాస్యం, కాంటనీస్ హాస్యం

రెండో పాయ అమెరికా మూకీ చిత్రాల నుంచి వచ్చింది. హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్!’ (1923)లో ఎత్తయిన భవనం గడియారపు ముల్లు పట్టుకుని వేలాడతాడు. జాకీ చాన్ ‘ప్రాజెక్ట్ ఎ’ (1983)లో గడియారపు స్తంభం ముల్లు పట్టుకుని వేలాడి, పట్టు జారి, రెండు గుడ్డ పందిళ్లను చీల్చుకుంటూ నేల మీద పడతాడు. బస్టర్ కీటన్ ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో ఇంటి ముందుగోడ మీద పడినా కిటికీ ఖాళీలో నిలబడి బతుకుతాడు. ‘ప్రాజెక్ట్ ఎ పార్ట్ 2’ (1987) ముగింపులో ఆ దృశ్యానికి నమస్కారం ఉంది. ఈ పోలికను అనుకరణగా మాత్రమే చూస్తే పొరపాటు. కీటన్ కూడా పసితనంలోనే తల్లిదండ్రుల రంగస్థల ప్రదర్శనల్లో, తండ్రి విసిరేస్తే పడటం నేర్చుకున్నవాడు. దెబ్బ తగలకుండా పడటం, తగిలినట్టు కనిపించడం ఇద్దరికీ చిన్ననాడే పట్టుబడిన విద్యలు.

మూడో పాయ ఊరి భాషది. 1970ల తొలినాళ్లకు హాంకాంగ్ తెరను మాండరిన్ చిత్రాలు ఆక్రమించాయి, స్థానికులు మాట్లాడే కాంటనీస్ దాదాపు మాయమైంది. ‘ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్’ (1973) ఆ భాషను తిరిగి నిలబెట్టింది. మైకేల్ హుయి ‘గేమ్స్ గ్యాంబ్లర్స్ ప్లే’ (1974), ‘ది ప్రైవేట్ ఐస్’ (1976) చిత్రాలతో అద్దె గదులూ చిల్లర మోసాలూ పొదుపు బతుకులూ హాస్యానికి వస్తువులయ్యాయి. కుంగ్‌ఫూ వీరుడు మహాపురుషుడిలా కాక పక్కింటి కుర్రాడిలా మాట్లాడటానికి దారి పడింది ఇక్కడే.

చరిత్ర: 1973–1979

1973 జూలై 20న బ్రూస్ లీ చనిపోయాడు. అతని స్థానంలోకి ఎవరిని తేవాలన్నదే నిర్మాతలకు దిగులు. పేరులో ‘లీ’ ఉన్న నటులు, చూపు అతనిలాగే ఉన్న నటులు వరుసగా వచ్చారు. దర్శక నిర్మాత లో వెయ్ ‘న్యూ ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ (1976)లో జాకీ చాన్‌ను అలాగే నిలబెట్టాలని చూశాడు, అది నడవలేదు. బ్రూస్ లీ తన్నితే ఎదుటివాడు లేవడు, అతని కోపంలో జాతి అవమానం ఉంది. ఆ కోపాన్ని అరువు తెచ్చుకోవడం సాధ్యపడలేదు.

ఈలోగా షా బ్రదర్స్ సంస్థలో లావ్ కార్-ల్యూంగ్ ‘ది స్పిరిచువల్ బాక్సర్’ (1975) తీశాడు. ఒంటి మీదికి దేవతలొస్తారని ఊళ్లను నమ్మించి పొట్టపోసుకునే కుర్రాడి కథ అది. తొలి కుంగ్‌ఫూ హాస్య చిత్రంగా దీన్నే ఎక్కువమంది చెబుతారు. సమ్మో హంగ్ 1977లో ‘ది ఐరన్ ఫిస్టెడ్ మాంక్’తో దర్శకుడయ్యాడు. మరుసటి ఏడు ‘ఎంటర్ ది ఫ్యాట్ డ్రాగన్’లో, లావైన తన ఒంటితోనే బ్రూస్ లీ కదలికలను అచ్చంగా చేసి చూపించాడు. అందులో వెక్కిరింత కన్నా భక్తి ఎక్కువ.

ఈ ప్రక్రియకు మలుపు 1978. స్వతంత్ర నిర్మాత ఎన్‌జీ సీ-యుయెన్ తన సీజనల్ ఫిల్మ్ సంస్థ కోసం లో వెయ్ దగ్గర్నుంచి జాకీ చాన్‌ను రెండు సినిమాలకు అడిగి తెచ్చుకున్నాడు. దర్శకత్వం అంతవరకు ఫైట్ మాస్టరుగా ఉన్న యుయెన్ వూ-పింగ్‌కు అప్పగించాడు. మొదటిది ‘స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో’. ఒక వ్యాయామశాలలో అందరి చేతా తన్నులు తినే అనాథ పనివాడు, పిల్లి పాముతో పోరాడటం చూసి కొత్త పట్టు కనిపెడతాడు. రెండోది ‘డ్రంకెన్ మాస్టర్’. దక్షిణ చైనా జానపదంలో దైవసమానుడైన వైద్యుడు, యోధుడు వాంగ్ ఫే-హంగ్‌ను ఇందులో పనీపాటా లేని అల్లరి కుర్రాడిగా చూపారు. అంతకుముందు 1949 నుంచి పదుల కొద్దీ సినిమాల్లో క్వాన్ టాక్-హింగ్ ఆ పాత్రను నిండైన పెద్దమనిషిగా పోషించి ఉన్నాడు కాబట్టి అప్పటి ప్రేక్షకులకు ఆ మార్పు ఎంత కొత్తగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. తాగుబోతు గురువుగా దర్శకుడి తండ్రి యుయెన్ సియు-టిన్ నటించాడు. ఎనిమిదిమంది తాగిన సిద్ధుల పేరిట ఎనిమిది పట్లు ఉంటాయి. ఎనిమిదోది స్త్రీ సిద్ధురాలిదని శిష్యుడు దాన్ని చిన్నచూపు చూసి నేర్చుకోడు. చివరి పోరులో విలన్ హ్వాంగ్ జాంగ్-లీ ముందు అదే అవసరపడుతుంది, అప్పటికప్పుడు దాన్ని తనే కల్పించుకుంటాడు. ఆ వయ్యారపు నడకలూ ముసిముసి నవ్వులూ మధ్యలో పడే దెబ్బలూ చూస్తే యుద్ధ విదూషకుడు సినిమాలోకి ఎలా నడిచొచ్చాడో తెలుస్తుంది (చూ. మూలాలు: ఒపెరా బడి).

జాకీ చాన్ 1979లో ‘ది ఫియర్‌లెస్ హైనా’తో దర్శకుడై, తర్వాత రేమండ్ చౌ నడిపే గోల్డెన్ హార్వెస్ట్ సంస్థకు మారాడు.

చరిత్ర: 1980–2004

1980 తర్వాత కథలు పాతకాలపు పల్లెల్లోంచి నగరంలోకి వచ్చాయి. సినిమా సిటీ సంస్థ ‘ఏసెస్ గో ప్లేసెస్’ (1982)తో కార్లూ యంత్రాలూ కలిపిన ఆధునిక హాస్యానికి గిరాకీ ఉందని నిరూపించింది. ‘ప్రాజెక్ట్ ఎ’లో జాకీ, సమ్మో, బియావ్ ముగ్గురూ కలిశారు. బడిలో కలిసి పెరిగిన అన్నదమ్ముల్లాంటి ఈ ముగ్గురి పొందిక ఎవరూ కొనితేలేనిది. బార్సిలోనాలో తీసిన ‘వీల్స్ ఆన్ మీల్స్’ (1984)లో కిక్‌బాక్సింగ్ విజేత బెనీ ఉర్కీడెజ్‌తో జాకీ చాన్ చేసిన పోరు ఈ రకం సినిమాల్లో అత్యుత్తమమని చాలామంది అంటారు, ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. ఉర్కీడెజ్ తన్ను విసురుకు వరసగా ఉన్న కొవ్వొత్తులు ఆరిపోవడం అందులోనిదే. ముగ్గురూ చివరిసారి సమానస్థాయిలో కనిపించింది ‘డ్రాగన్స్ ఫరెవర్’ (1988)లో.

‘పోలీస్ స్టోరీ’ (1985) దర్శకుడిగా జాకీ చాన్‌కు శిఖరం. కొండవాలున ఉన్న పూరిపాకల మీదుగా కార్లు దూసుకుపోవడంతో మొదలై, డబుల్ డెక్కర్ బస్సుకు గొడుగు తగిలించి వేలాడటం మీదుగా, పెద్ద దుకాణ సముదాయంలో అద్దాలన్నీ పగలడంతో ముగుస్తుంది. స్టంట్ బృందం దాన్ని ‘గాజు కథ’ అని పిలుచుకుంది. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం పురస్కారం దానికి దక్కింది.

1990ల నాటికి స్టీఫెన్ చౌ ‘మో లే టావ్’ అనే అర్థంపర్థంలేని మాటల హాస్యంతో వచ్చాడు. అందులో మాట విరుపు ఎక్కువ కాబట్టి చాలాకాలం అది కాంటనీస్ తెలిసినవారికే పరిమితమైంది. ‘షావోలిన్ సాకర్’ (2001), ‘కుంగ్‌ఫూ హజిల్’ (2004) చిత్రాల్లో మాటను తగ్గించి కార్టూను తరహా దృశ్యహాస్యాన్ని పెంచాక ప్రపంచం అతన్ని చూసింది. రెండింటికీ హాంకాంగ్‌లో ఉత్తమ చిత్రం పురస్కారం వచ్చింది. ‘కుంగ్‌ఫూ హజిల్’లో నోట్లో సిగరెట్టు, తలలో కర్లర్లతో అద్దెకున్నవాళ్లను హడలగొట్టే ఇంటి యజమానురాలు యుయెన్ చ్యూ, ఆమె భర్త యుయెన్ వా ఇద్దరూ ఆ పాత ఒపెరా బడి పిల్లలే.

ఆ లోపు పరిశ్రమ దెబ్బతింది. 1990ల తొలి సగంలో ఏడాదికి 200కు పైగా చిత్రాలు తీసిన హాంకాంగ్, ఆ దశాబ్దం ముగిసేసరికి బాగా తగ్గిపోయింది. దొంగ వీసీడీలు, ఆసియా ఆర్థిక సంక్షోభం, ప్రతిభావంతుల వలస అందుకు కారణాలు. 1997 జూలై 1న నగరం చైనాకు తిరిగి చేరాక, ముఖ్యంగా 2003 వాణిజ్య ఒప్పందం తర్వాత, పెద్ద సినిమాలు చైనాతో ఉమ్మడి నిర్మాణాలయ్యాయి.

ఉపరకాలు

గురుశిష్య కథలు అన్నిటికన్నా పాతవి. కుర్రాడు అవమానపడతాడు, పిచ్చివాడిలా కనిపించే గురువు దొరుకుతాడు, నీళ్లు మోయించడం లాంటి చాకిరీ చేయిస్తాడు, ఆ చాకిరీయే శిక్షణ అని తర్వాత తెలుస్తుంది. సమ్మో హంగ్ ‘ది ప్రాడిగల్ సన్’ (1981) ఈ రకంలో లోతైనది. అందులో గురువు ఒపెరాలో స్త్రీ పాత్రలు వేసే ఉబ్బసం రోగి.

దయ్యాల కథలు హాంకాంగ్‌కే సొంతమైన శాఖ. ‘ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్’ (1980)తో సమ్మో హంగ్ మొదలుపెట్టాడు. రికీ లావ్ దర్శకత్వంలో వచ్చిన ‘మిస్టర్ వాంపైర్’ (1985) దాన్ని స్థిరపరిచింది. చింగ్ రాజవంశపు అధికారి దుస్తుల్లో, చేతులు ముందుకు చాచి, గెంతుతూ వచ్చే శవాలు, వాటి నుదుట అంటించే పసుపుపచ్చ మంత్రపు కాగితం, ఊపిరి బిగబడితే శవం మనిషిని పసిగట్టలేకపోవడం అన్నీ చైనా జానపద నమ్మకాల్లోంచి వచ్చినవే. మంత్రగాడి పాత్రలో లామ్ చింగ్-యింగ్ ఇంటింటి పేరయ్యాడు.

పోలీసు కథలు, నిధులవేట కథలు (‘ఆర్మర్ ఆఫ్ గాడ్’, 1986), ముఠా హాస్యాలు (‘విన్నర్స్ అండ్ సిన్నర్స్’, 1983) మిగతావి. స్త్రీలు ప్రధానంగా ఉండే శాఖకు ‘యెస్, మేడమ్!’ (1985) నాంది. అందులో మలేసియాలోని ఇపోలో పుట్టిన మిషెల్ యో, అమెరికా కరాటే క్రీడాకారిణి సింథియా రోత్రాక్ కలిసి నటించారు. మిషెల్ యో శరీరశిక్షణ ఒపెరాది కాదు, బాలే నాట్యానిది.

పనితీరు: ఒక ఫైటు ఎలా తయారవుతుంది

హాంకాంగ్ పద్ధతిలో ఫైట్ సన్నివేశాన్ని ముందుగా కాగితం మీద పూర్తిగా రాసుకోరు. ఫైట్ మాస్టరు స్థలాన్ని చూస్తాడు, అక్కడ ఏముందో చూస్తాడు. కుర్చీ ఉంటే కుర్చీ, నిచ్చెన ఉంటే నిచ్చెన. ‘మిరకిల్స్’ (1989)లో తాళ్ల కర్మాగారం, ‘ఫస్ట్ స్ట్రైక్’ (1996)లో మడత నిచ్చెన అలా ఫైట్లకు ఆయువుపట్లయ్యాయి. వస్తువును అది తయారైన పనికి కాక మరోదానికి వాడటం నవ్వుకు మొదటి మెట్టు. అదే వస్తువు మళ్లీ తిరిగొచ్చి హీరోకే తగలడం రెండోది.

కెమెరా కొంచెం దూరంగా ఉంటుంది. కొట్టే చేయీ తగిలే ఒళ్లూ ఒకే ఫ్రేములో కనిపించాలి. దెబ్బకు ముందు షాటును తెంచితే, అతికింపుతో సరిపెట్టారని ప్రేక్షకుడు గ్రహిస్తాడు, నమ్మకం పోతుంది. ప్రమాదకరమైన దూకుడును రెండు మూడు కోణాల్లో మళ్లీ చూపడం కూడా ఈ నమ్మకం కోసమే. ఎడిటింగులో దెబ్బ తాకే క్షణం వద్ద కొన్ని ఫ్రేములను రెండుసార్లు వాడే చిట్కా ఉంది. కంటికి అది తెలియదు, దెబ్బ బరువు మాత్రం తెలుస్తుంది.

సినీ పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ 2000లో వచ్చిన ‘ప్లానెట్ హాంకాంగ్’లో ఈ ఫైట్ల లయను వివరించాడు: ఒక విరామం, ఒక్కసారిగా కదలికల వరద, మళ్లీ విరామం. ఇది ఒపెరాలో తాళాలూ డప్పులూ మోగి ఆగినప్పుడు నటుడు భంగిమలో నిలిచిపోవడం వంటిదే. కుంగ్‌ఫూ హాస్యం ఆ విరామంలోనే తన పని చేసుకుంటుంది. గంభీర చిత్రంలో వీరుడు ఆ క్షణంలో కళ్లెర్రజేస్తాడు. హాస్య చిత్రంలో నొప్పెట్టిన చేతిని వెనక దాచుకుని విదిలించుకుంటాడు. లయ ఒక్కటే, అందులో నింపింది మారింది.

మాటలను, చప్పుళ్లను తర్వాత చేర్చడం చాలాకాలం అక్కడి ఆనవాయితీ. సెట్లో మాటల రికార్డింగు బెడద లేకపోవడంతో కెమెరాకు, నటుడికి స్వేచ్ఛ దొరికింది. డబ్బింగుకు లొంగే గుణం కూడా అలాగే వచ్చింది.

సినిమా చివర పేర్లు పడేటప్పుడు గురితప్పిన షాట్లు చూపే అలవాటును జాకీ చాన్ అమెరికాలో తాను నటించిన ‘ది క్యానన్‌బాల్ రన్’ (1981) నుంచి తెచ్చుకున్నాడు. అమెరికా చిత్రంలో అవి మాట తడబడిన షాట్లు. జాకీ చాన్ చేతిలో అవి కింద పడిన, కాలు విరిగిన, స్ట్రెచర్ మీద మోసుకెళ్లిన షాట్లయ్యాయి. అంతసేపూ నవ్విన ప్రేక్షకుడికి దాని ఖరీదు అక్కడ తెలుస్తుంది.

ఆకర్షణకు కారణాలు

మొదటిది, నాయకుడి నొప్పి. ఇతను అజేయుడు కాదు. కొడితే చేయి నొప్పెడుతుంది, కుదిరితే పారిపోతాడు, పారిపోవడానికి దారి లేనప్పుడే పోరాడతాడు. ఇలాంటివాడి గెలుపు పిల్లలకైనా పెద్దలకైనా తమ గెలుపులా అనిపిస్తుంది. జాకీ చాన్ తన దారి గురించి చెప్పినప్పుడల్లా బ్రూస్ లీకి ఎదురుదిశలో నడిచానన్నాడు. అతను కాలు పైకెత్తితే తాను కిందికి, అతను గర్జిస్తే తాను మూలుగుతూ.

రెండోది, భాష అడ్డం రాకపోవడం. కాలి మీద కుర్చీ పడినప్పుడు మనిషి చేసే ముఖం అన్ని దేశాల్లో ఒకటే. మాటల మీద బతికే స్టీఫెన్ చౌ హాస్యం ఎల్లలు దాటడానికి పదేళ్లు పట్టడం ఇదే విషయాన్ని మరోవైపు నుంచి రుజువు చేస్తుంది.

మూడోది, హింసలో ద్వేషం తక్కువగా ఉండటం. రక్తం అరుదు, చావులు ఉన్నా కెమెరా వాటి మీద నిలవదు. కుటుంబమంతా కూర్చుని చూడగలిగిన ఫైట్ సినిమాలు కావడం వల్ల వీడియో అద్దె దుకాణాల కాలంలోనూ టీవీ కాలంలోనూ వీటికి గిరాకీ తగ్గలేదు.

నాలుగోదాన్ని తూచి చెప్పడం కష్టం, అయినా అసలైనది అదేనేమో. తెర మీద మనిషి ఆ పనిని నిజంగా చేశాడన్న ఎరుక. ఈ తేలికపాటి నవ్వు వెనక పసితనం నుంచీ పడిన పదేళ్ల చాకిరీ ఉంది. ప్రేక్షకుడికి ఒపెరా బడి సంగతి తెలియకపోవచ్చు, కానీ తేలిగ్గా కనిపించేది తేలిక కాదని చూడగానే తెలుస్తుంది.

గాయాలు, విమర్శలు

1986లో ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ కోసం యుగోస్లావియాలో చెట్టు మీదికి దూకినప్పుడు కొమ్మ విరిగి జాకీ చాన్ పడిపోయాడు. పుర్రె ఎముక చిట్లి శస్త్రచికిత్స జరిగింది. ‘పోలీస్ స్టోరీ’లో దీపాలు చుట్టిన స్తంభం మీంచి జారినప్పుడు అరచేతులు కాలాయి. ‘రంబుల్ ఇన్ ది బ్రాంక్స్’ (1995)లో చీలమండ విరిగితే కట్టు మీద బూటులా కనిపించేలా రంగు వేసిన తొడుగు తొడిగి షూటింగ్ పూర్తిచేశారు. నాయకుడి గాయాలకు పేరొచ్చింది. అతని వెనక పేరు లేకుండా మెట్ల మీంచి, అద్దాల్లోంచి పడినవారి సంగతి చాలాకాలం ఎవరూ రాయలేదు. వారి జ్ఞాపకాలను నమోదు చేసిన ‘కుంగ్‌ఫూ స్టంట్‌మెన్’ అనే డాక్యుమెంటరీ 2020ల తొలినాళ్లలో వచ్చింది. ప్రాణాన్ని పణంగా పెట్టే ఈ సంప్రదాయాన్ని ఆరాధించడం మంచిదేనా అన్న ప్రశ్న న్యాయమైనది.

స్త్రీ పాత్రల విషయంలో లోపం స్పష్టం. చాలా చిత్రాల్లో నాయిక అలగడానికో, విలన్ చేత చిక్కడానికో తప్ప ఉండదు. ముఠా హాస్యాల్లోని ఆడవాళ్ల వెంటపడే సన్నివేశాలు ఇవాళ చూడటానికి ఇబ్బందిగా ఉంటాయి. ‘పోలీస్ స్టోరీ 3’ (1992)లో మిషెల్ యో కదులుతున్న రైలు మీదికి మోటార్‌సైకిల్‌తో దూకిన సన్నివేశం ఈ ధోరణికి గట్టి మినహాయింపు.

తెలుగు ప్రేక్షకులు

జాకీ చాన్ చిత్రాలు తెలుగు డబ్బింగుతో థియేటర్లలోనూ టీవీలోనూ ఆడాయి. కరాటే శిక్షణ పొంది నటులైన సుమన్, భానుచందర్ 1980లలోనే తెలుగు తెరకు తూర్పుదేశాల యుద్ధవిద్యలను పరిచయం చేసి ఉండటంతో ఆ రకం ఫైటు మనవారికి పూర్తిగా కొత్త కాదు. కొత్తది హాస్యంతో దాని పొత్తు. తెలుగు వాణిజ్య చిత్రంలో ఫైటు హీరోది, నవ్వు కమెడియన్‌ది. ఇద్దరూ ఒకే సన్నివేశంలో ఉన్నా పనులు వేరు. రెండూ ఒకే మనిషి చేయడం, అందులోనూ హీరో అందరి ముందూ చావుదెబ్బలు తినడం మన హీరో సంప్రదాయానికి దూరమైన విషయం.

భారతదేశంతో ప్రత్యక్ష సంబంధాలు కొన్ని ఉన్నాయి. ‘ది మిత్’ (2005)లో కొంత భాగాన్ని హంపిలో తీశారు. 2008లో కమల్ హాసన్ ‘దశావతారం’ పాటల విడుదలకు జాకీ చాన్ చెన్నై వచ్చాడు. స్టాన్లీ టాంగ్ దర్శకత్వంలోని ‘కుంగ్‌ఫూ యోగా’ (2017)లో ‘అరుంధతి’ పశుపతిగా తెలుగువారికి సుపరిచితుడైన సోనూ సూద్, ‘లోఫర్’తో తెలుగులోనే తొలిసారి తెర మీదికి వచ్చిన దిశా పటానీ నటించారు. ఆ సినిమా చివర అందరూ హిందీ సినిమా పద్ధతిలో నృత్యం చేస్తారు, నృత్యదర్శకురాలు ఫరా ఖాన్.

హాలీవుడ్, తర్వాతి కాలం

‘ది బిగ్ బ్రాల్’ (1980), ‘ది ప్రొటెక్టర్’ (1985) చిత్రాలతో అమెరికాలో జాకీ చాన్ రెండుసార్లు విఫలమయ్యాడు. రెండుసార్లూ అక్కడి దర్శకులు ఫైట్లను తమ పద్ధతిలో తీశారు. 1996లో ‘రంబుల్ ఇన్ ది బ్రాంక్స్’ అమెరికా థియేటర్లలో విడుదలై ఆ వారాంతం వసూళ్లలో మొదటి స్థానంలో నిలిచింది. అది హాంకాంగ్ బృందం తన పద్ధతిలోనే తీసిన సినిమా. క్రిస్ టక్కర్‌తో చేసిన ‘రష్ అవర్’ (1998) ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అయితే అందులో ఫైట్లు చిన్నవి, నవ్వు ఎక్కువగా మాటలది. యుయెన్ వూ-పింగ్ ‘ది మేట్రిక్స్’ (1999)కు ఫైట్లు కూర్చాడు. 2016లో అకాడమీ జాకీ చాన్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చింది.

‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ (2022) హాంకాంగ్ హాస్యపు ఫైట్లను బాహాటంగా గుర్తుచేస్తుంది. నడుముకు కట్టుకునే చిన్న సంచీతో చేసే పోరు వస్తువుల ఫైటుకు సూటి వారసురాలు (చూ. పనితీరు). ఆ చిత్రానికి మిషెల్ యో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. మరుసటి ఏడు చైనాలో విడుదలైన ‘రైడ్ ఆన్’లో జాకీ చాన్ అప్పులపాలైన ఒక ముసలి స్టంట్‌మ్యాన్‌గా, ఒక గుర్రానికి తోడుగా కనిపిస్తాడు. అందులో ఆ పాత్ర తన పాత స్టంట్లను చూసుకునే ఘట్టం ఒకటుంది. అక్కడ తెర మీద పడేవి జాకీ చాన్ అసలు సినిమాల్లోని దృశ్యాలే.